బీచి రోడ్డులో మా ఎర్ర బ్యాంకు

మద్రాసులో పారీస్ కార్నర్ దగ్గర బస్సు దిగి, హార్బరును కుడిచేతి వైపు పెట్టుకుని బీచి స్టేషన్ దిక్కుగా నడిస్తే, జీపీఓ అనే పెద్ద పోస్టాఫీసు దగ్గర ఎర్ర ఇటుకల కట్టడం ఒకటి కనిపిస్తుంది. అది స్టేట్ బ్యాంకు. పేరుకే స్టేట్ బ్యాంకు. మా ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని ‘ఎర్ర బ్యాంకు’ అనేవాళ్ళు. అంతకు ముందు తరం వాళ్ళు ‘ఇంపీరియల్ బ్యాంకు’ అనేవాళ్ళు. మా తాత మాత్రం పోయేదాకా ‘నంబెరుమాళ్ళ శెట్టి కట్టిన బ్యాంకు’ అనే అన్నాడు. అందులో ఆయనకు నిజంగా ఖాతా తెరిచింది స్టేట్ బ్యాంకు వచ్చాకే అయినా, శెట్టిగారి పేరు చెప్పనిదే ఆయనకు తృప్తి ఉండేది కాదు.

మాది నెల్లూరు వైపు నుంచి వచ్చి జార్జిటౌన్‌లో స్థిరపడిన కుటుంబం. కొత్వాల్ చావడిలో ఎండుమిరపకాయలు, కందిపప్పు, చింతపండు కమీషన్ మీద అమ్మే కొట్టు. అప్పట్లో ఆ వీధుల్లో తెలుగు వినపడని మూల లేదు. కన్యకా పరమేశ్వరి దేవస్థానం మాకు గుడీ, బడీ, పెళ్ళి మంటపం అన్నీ. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, ఎర్రబాలుచెట్టి వీధి... వాటి మీదుగానే మా రాకపోకలు. తంబుచెట్టి వీధిలోనే ఒకప్పుడు నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక ఆఫీసు ఉండేదని తాత ఆ దారిన వెళ్ళిన ప్రతిసారీ చూపించేవాడు. మనం వినకపోయినా చెప్పేవాడు.

కొట్టులో సాయంత్రానికి పోగైన రొక్కం మర్నాడు పొద్దున బ్యాంకులో కట్టాలి. గుంటూరు నుంచి మిర్చి పంపిన వాళ్ళకు డ్రాఫ్టులు తీయాలి. సెలవుల్లో నాయన నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. ఎందుకంటే రెండు సంచులు ఉండేవి. నిజమైన సంచి నాయన చంకలో, పాత న్యూస్‌పేపర్లు కుక్కిన సంచి నా భుజాన. దొంగ వస్తే పిల్లవాడి సంచి లాక్కుని పారిపోతాడట. నన్ను లాక్కుపోతే ఏం చేస్తావని అమ్మ అడిగితే నాయన నవ్వేసి ఊరుకునేవాడు.

డెబ్భైల సంగతి ఇది. బ్యాంకు పది గంటలకు తెరిచి రెండింటికి రొక్కం కౌంటర్లు మూసేసేది. శనివారమైతే పన్నెండుకే. పదికి ఐదు నిమిషాల ముందే వెళ్ళి ఆ కమానుల కింద నిలబడేవాళ్ళం. ఎదురుగా రోడ్డుకవతల బర్మా బజారు కొట్లు అప్పుడప్పుడే తలుపులు తీస్తుండేవి. 1969లో బర్మా నుంచి తిరిగొచ్చిన వాళ్ళ కోసం పెట్టిన బజారు అది. జపాన్ ట్రాన్సిస్టర్లు, ఫారిన్ సెంట్లు, గడియారాలు. నా కళ్ళు అటే ఉండేవి. వాటి వెనకాల రైలు పట్టాలు, ఆ పైన హార్బరు క్రేన్లు. ఎండ పడితే ఉప్పుగాలికి ఇటుక మీద చెయ్యి పెడితే సన్నటి పొడి అంటేది. ఆ ఎరుపు చొక్కాకి అంటిందని ఇంట్లో చీవాట్లు.

లోపలికి అడుగుపెట్టగానే చల్లగా ఉండేది. అంత ఎత్తు పైకప్పు నేను గుడిలో కూడా చూడలేదు. ఫ్యాన్లు పొడవాటి రాడ్ల చివర వేలాడుతుండేవి, తిరుగుతున్నాయో లేదో చూసి తెలుసుకోవాలి, గాలి మాత్రం కిందికి రాదు. రంగు అద్దాల్లోంచి పడే వెలుగు పదకొండు దాటాక కౌంటర్ల చెక్క మీదికి జరిగేది. కౌంటరు చెక్క నా గడ్డం కంటే ఎత్తు. దాని పైన ఇత్తడి జాలీ. జాలీ అవతల క్యాషియర్.

ఆయన పేరు ఇక్కడ వద్దు. తెల్ల పంచె, నుదుట విభూతి, ముక్కు చివర కళ్ళజోడు. మమ్మల్ని చూడగానే ‘వాంగో చెట్టియార్’ అనేవాడు. నాయన ‘నమస్కారం స్వామీ’ అనేవాడు. ఇద్దరూ సగం అరవం సగం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళు. ఎవరి భాష ఎక్కడ ఆగి ఎవరిది మొదలవుతుందో నాకు ఇప్పటికీ చెప్పడం రాదు.

ఆయన నోట్లు లెక్కపెట్టడం చూడటానికే నేను వెళ్ళేవాణ్ణి అంటే అబద్ధం కాదు. ముందు కట్టకు కొట్టిన స్టేపుల్ పిన్నును చిన్న ఇనుప పుల్లతో పీకేవాడు. పక్కనే గుండ్రటి గాజు గిన్నెలో తడి స్పాంజి. వేలు దానికి తాకించి, కట్టను ఎడమ అరచేతిలో కాస్త వంచి పట్టుకుని, బొటనవేలితో ఒక్కో నోటు మూల లాగుతుంటే టపటపటప అని ఒకే వరుసలో చప్పుడు. మధ్యలో చిరిగిన నోటు వస్తే చప్పుడు ఆగేది. దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, మాట్లాడకుండా పక్కకు తీసిపెట్టేవాడు. మిర్చి కొట్టు నోట్లకు ఘాటు ఉంటుంది. ఒక్కోసారి లెక్క మధ్యలో తుమ్మేవాడు. తుమ్మినా లెక్క తప్పేవాడు కాదు. ‘మీ నోట్లు కళ్ళు మూసుకుని గుర్తుపడతా చెట్టియార్’ అని నవ్వేవాడు.

డబ్బు తీసుకోవాల్సిన రోజైతే ఇత్తడి టోకెన్ ఇచ్చేవాళ్ళు. చెక్కు ఇచ్చి టోకెన్ తీసుకుని బల్ల మీద కూర్చోవాలి. లోపల ఆ చెక్కు ఒక గుమాస్తా దగ్గర్నుంచి ఇంకో గుమాస్తా దగ్గరికి, లావుపాటి లెడ్జర్లోకి, అక్కడి నుంచి ఆఫీసరు సంతకానికి, చివరికి క్యాషియర్ దగ్గరికి చేరేది. ఆ తిరుగుడంతా బంట్రోతు చేతుల్లో. ముప్పావుగంట పట్టేది. నంబరు పిలిచేదాకా టోకెన్ నా దగ్గరే. అంకెల అంచులు అరిగిపోయి నున్నగా ఉండేవి. వేళ్ళకు ఇత్తడి వాసన పట్టేది. టోకెన్ పారేసుకుంటే డబ్బు పోయినట్టే అని నాయన భయపెట్టేవాడు గనక గుప్పిట విప్పేవాణ్ణి కాదు.

ఆ ముప్పావుగంటలోనే తాత వచ్చిన రోజుల్లో చరిత్ర నడిచేది. ఆయన చెప్పినవాటిని తర్వాత నేను పుస్తకాల్లో సరిచూసుకున్నాను. చాలావరకు సరైనవే.

ఈ బ్యాంకు వయసు ఈ కట్టడం కంటే పెద్దది. బ్యాంక్ ఆఫ్ మద్రాస్ 1843 జులై 1న 30 లక్షల రూపాయల మూలధనంతో మొదలైంది. దానికీ ముందు ఇదే ఊళ్ళో కార్నాటిక్ బ్యాంకు, ఏషియాటిక్ బ్యాంకు లాంటివి పుట్టి గిట్టాయి. కోటలో ఇప్పుడు మ్యూజియం ఉన్న మేడలో కూడా మొదట ఒక బ్యాంకు ఆఫీసు ఉండేది. కలకత్తాలో బ్యాంక్ ఆఫ్ బెంగాల్, బొంబాయిలో బ్యాంక్ ఆఫ్ బాంబే, ఇక్కడ ఇది. మూడింటినీ ప్రెసిడెన్సీ బ్యాంకులు అనేవారు. 1861లో చట్టం వచ్చి ప్రభుత్వమే నోట్లు అచ్చువేయడం మొదలయ్యేదాకా ఈ బ్యాంకులు సొంత నోట్లు వేసుకునేవి. కాకినాడలో కూడా బ్యాంక్ ఆఫ్ మద్రాస్ శాఖ ఉండేది. మన కోస్తా నుంచి ఓడల మీద సరుకు పోయే రోజులు కదా, డబ్బు కూడా ఓడరేవుల వెంటే నడిచింది.

ఇప్పుడున్న ఎర్ర మేడ పందొమ్మిదో శతాబ్దం చివర్లో లేచింది. నక్షాలో హెన్రీ ఇర్విన్ చెయ్యి ఉంది. సిమ్లాలో వైస్రాయి బంగళా, మైసూరు ప్యాలెస్ వేసినాయన. మన గుళ్ళ వరండాలు, మొగలాయీ కమానులు, ఇంగ్లీషు వాళ్ళ హాలు మూడూ కలిపి కట్టే ఆ తరహాను ఇండో-సారసెనిక్ అంటారు. ఆ రోజుల్లో రోడ్డు దాటితే సముద్రమే. తర్వాత హార్బరు పెరిగేకొద్దీ అల వెనక్కి పోయి, మట్టి నిండి, పట్టాలు వచ్చాయి. ‘ఫస్ట్ లైన్ బీచ్’ అన్న పాత పేరు అందుకే. ఇప్పుడు రాజాజీ సాలై.

కట్టింది మాత్రం తాటికొండ నంబెరుమాళ్ళ శెట్టి. మా తాత ఈ ఇంటిపేరు పలికేటప్పుడు గొంతు పెంచేవాడు, పక్క బల్లవాళ్ళకు వినిపించాలని. శెట్టిగారు 1856లో పుట్టారు. తెలుగు కోమటి ఇల్లు. అప్పటి మద్రాసులో ఎర్రగా కనిపించే పెద్ద మేడల్లో సగం ఆయన కాంట్రాక్టేనేమో అనిపిస్తుంది. 1892లో తెరిచిన హైకోర్టు ఆయనదే, సెంట్రల్ స్టేషన్ పక్కన విక్టోరియా పబ్లిక్ హాలు ఆయనదే, ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ ఆయనదే. నగరంలో సొంత మోటారుకారు కొన్న తొలి భారతీయుడు కూడా ఆయనే అంటారు. గణితమేధావి రామానుజన్ ఇంగ్లండు నుంచి జబ్బుతో తిరిగొచ్చాక చివరి రోజులు గడిపింది చేట్‌పట్‌లో ఈ శెట్టిగారి ఇళ్ళలోనే. 1920 ఏప్రిల్ 26న రామానుజన్ కన్నుమూసింది కూడా అందులో ఒక ఇంట్లోనే. తాత ఎగ్మూరు స్టేషన్ని కూడా ఈ జాబితాలో కలిపేసేవాడు. అది వేరే కాంట్రాక్టరుది. తాతతో ఆ మాట అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

నాకు అనిపించేది ఒకటే. నక్షా వేసిన దొరల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఇటుక బట్టీ దగ్గర నిలబడి ఇటుక మోగిస్తే ఖంగుమంటుందో లేదో చూసినవాడు, సున్నంలో ఏం కలపాలో తెలిసినవాడు, మేస్త్రీలను తిట్టి, కూలీలకు శనివారం కూలి పంచినవాడు మనవాడని చెప్పేది మా తాతలాంటి వాళ్ళే. కాస్త గొప్పలు కలిపే చెప్పారు. ఆ గొప్పలకు కారణం ఉంది. ఆంధ్ర విడిపోయాక మద్రాసులో తెలుగువాళ్ళం ‘మద్రాసు మనదే’ అన్న నినాదం ఓడిపోయిన బాధలో చాలాకాలం ఉన్నాం. ఊరు మనది కాకపోయినా ఊళ్ళో మేడలు మనవాళ్ళు కట్టారు అని చెప్పుకోవడం తాతకు ఒక ఊరట.

మా అవ్వ సంగతి వేరు. ఆవిడకు బ్యాంకులంటే గిట్టదు. దానికి కారణం ఆమె పుట్టకముందే జరిగింది. 1906 అక్టోబరు 22న అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. ఇదే బీచి రోడ్డులో పేరుమోసిన దొరల కంపెనీ, బ్యాంకు వ్యాపారం కూడా చేసేది. ఎక్కువ వడ్డీ ఇస్తుందని ఉద్యోగస్తులు, వితంతువులు, చిన్న జమీందార్లు దాచుకున్నదంతా అందులో వేశారు. ఒక్క రోజులో తలుపులు మూతపడ్డాయి. సర్ జార్జి అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది. మా కుటుంబం డబ్బు అందులో లేదు. అంత డబ్బే లేదు మాకు. అయినా ఆ భయం వీధివీధికీ పాకి, అవ్వ వాళ్ళమ్మ ద్వారా అవ్వకు, అవ్వ ద్వారా మాకు వచ్చింది. ‘దొర పారిపోతాడు, ఇనప్పెట్టె పారిపోతుందా?’ అనేది. ఆ దెబ్బ తర్వాతే వి. కృష్ణస్వామి అయ్యర్ లాంటి లాయర్లు పూనుకుని 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు పెట్టారు. పదహారేళ్ళ తర్వాత బందరులో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. మన డబ్బు మన చేతిలో ఉండాలన్న పట్టుదల ఆ కాలమంతా గాలిలో ఉంది. బ్యాంక్ ఆఫ్ మద్రాస్ మాత్రం ఆ గోల తట్టుకుని నిలబడింది. 1921 జనవరి 27న మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులూ కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయ్యాయి. 1955 జులై 1న అది స్టేట్ బ్యాంకు అయింది. బోర్డు మారింది, మేడ మారలేదు.

అవ్వకు ఇవేమీ పట్టవు. 1942 ఏప్రిల్‌లో జపాను వాళ్ళు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాక మద్రాసు సగం ఖాళీ అయింది. సర్కారు ఆఫీసులే ఊరు వదిలాయి. మావాళ్ళు నెల్లూరుకు బయల్దేరారు. అవ్వ నగలన్నీ బియ్యం మూటలో పెట్టుకుని రైలెక్కింది. ‘చూశావా, బ్యాంకులో పెట్టుంటే ఏమయ్యేది’ అని నలభై ఏళ్ళ తర్వాత కూడా అడిగేది. బ్యాంకుకు ఏమీ కాలేదవ్వా అంటే, అయ్యుంటే, అనేది.

అలాంటి అవ్వ ఎర్ర బ్యాంకుకు ఒకే ఒక్కసారి వచ్చింది. తాత పోయాక ఆయన పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆమె పేరుకు మార్చాలి. ఆవిడకు సంతకం రాదు. తెల్ల చీర కొంగు తల మీద కప్పుకుని, నా భుజం పట్టుకుని మెట్లెక్కింది. హాల్లోకి వచ్చాక చాలాసేపు తల పైకెత్తి చూసింది. క్యాషియర్ స్వామి జాలీ వెనక నుంచి లేచి బయటికి వచ్చి నమస్కారం పెట్టాడు. ఆయన జాలీ ఇవతల నిలబడటం నేను చూడటం అదే మొదలు, అంత పొట్టి మనిషని అప్పుడే తెలిసింది.

అవ్వ అడిగిన మొదటి ప్రశ్న: ‘డబ్బు ఎక్కడ పెడతారు?’

ఆఫీసరు ఇబ్బందిగా నవ్వాడు. స్వామి మాత్రం నవ్వలేదు. లోపలి వైపు చెయ్యి చూపించి, గోడ మందం ఎంతో రెండు చేతులూ చాపి చూపించి, తలుపుకు రెండు తాళాలు, రెండు తాళాలూ ఇద్దరి దగ్గర, ఒక్కడే వెళ్ళి తీయలేడు అని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. అవ్వ బాగా ఆలోచించింది. ఆ రెండు తాళాల మాట ఆమెకు నచ్చింది. మా ఇంట్లో ఇనప్పెట్టెకు ఉన్నది ఒకటే తాళం, అది ఎప్పుడూ తాత మొలతాడుకే ఉండేది. ‘ఇదేదో ముందే చెప్పుంటే సరిపోయేది కదా’ అని నాయన వైపు కోపంగా చూసి, ఊదారంగు ఇంకు ప్యాడ్ మీద ఎడమ బొటనవేలు అద్దింది. ఒకసారి సరిగ్గా పడలేదు, రెండోసారి పడింది. ఇంకు తుడుచుకోవడానికి స్వామి తన స్పాంజి గిన్నె ముందుకు జరిపాడు.

అదే కాలంలో ఇంకొకటి గుర్తుంది. 1978 జనవరి 16 పొద్దున రేడియోలో వెయ్యి, ఐదు వేలు, పదివేల నోట్లు చెల్లవని చెప్పారు. మర్నాడు బ్యాంకులు మూసేశారు. మా కొట్టులో ఐదు వేల నోటు కంటితో చూసినవాడే లేడు, వెయ్యి నోటు కూడా అరుదు. కానీ టెన్షన్ మాత్రం వీధి మొత్తం. ఎవడి దగ్గర ఎంతుందో అని ఎవడికి వాడు లెక్కలు వేయడమే. కోట దగ్గర రిజర్వు బ్యాంకు ముందు జనం చేరారని విని చూడటానికి మేం పిల్లలం సైకిళ్ళేసుకుని వెళ్ళాం. చొక్కాలేని రిక్షావాడు ఒకడు వరుసలో నిలబడ్డ కార్లవాళ్ళను చూసి ‘నాకేం భయం లేదు సామీ’ అని అరవంలో పాడినట్టు అంటూ తిరుగుతున్నాడు.

తర్వాత మార్పులన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కంప్యూటర్లు వచ్చాక లావు లెడ్జర్లు పోయాయి. నోట్ల కట్టలకు పిన్నులు కొట్టొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది, కాగితపు పట్టీలు వచ్చాయి. లెక్కపెట్టే మిషన్ వచ్చింది. అది కూడా టపటపమంటుంది గానీ తుమ్మదు. 1996లో కొత్వాల్ చావడి కూరగాయల హోల్‌సేల్ మార్కెట్టును కోయంబేడుకు తరలించారు. మాది పప్పూ మిర్చీ గనక మేం కదల్లేదు, కానీ వీధి బోసిపోయింది. చుట్టాలు ఒక్కొక్కరే అన్నానగర్ వైపు, అక్కడి నుంచి అమెరికా వైపు కదిలారు. నేను ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చేశాను. కొట్టు తమ్ముడు చూసుకుంటున్నాడు.

2014 జులైలో ఎర్ర బ్యాంకులో మంటలు అంటుకున్నాయని టీవీలో చూశాను. ఫైరింజన్లు బీచి రోడ్డంతా. పై అంతస్తు బాగా దెబ్బతింది. నల్లటి పొగ ఎర్ర గోడ మీద కిందికి జారినట్టు ఫొటోలు వచ్చాయి. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. అప్పటికే వాడు అక్కడే ఉన్నాడు. వాడికి అక్కడ పనేం లేదు. ఖాతా లెక్కలన్నీ సర్వర్లలో ఉంటాయని వాడికి నాకంటే బాగా తెలుసు. అయినా స్కూటరేసుకుని వెళ్ళి జీపీఓ గోడ దగ్గర నిలబడ్డాడు. వాడితో పాటు కొత్వాల్ చావడి నుంచి ఇంకో నలుగురైదుగురు వచ్చారట, అందరూ ముసలి సేట్లు, శెట్లు. ఒకాయన పదేపదే ‘గోడలకేం కాదు, శెట్టిగారి గోడలు’ అంటున్నాడని వాడు ఫోన్లో చెప్పాడు. మా తాత చెప్పిన మాటలు ఊళ్ళో ఇంకా ఎంతమంది తాతలు చెప్పారో మరి.

ఇంగ్లీషు వాళ్ళ కాలం నాటి పాత మేడలకు ఇటువంటి ప్రమాదం కొత్తేమీ కాదు. టేకు దూలాలు, చెక్క మెట్లు, వందేళ్ళ కాగితాలు, వాటి మధ్య నుంచి తర్వాత లాగిన కరెంటు వైర్లు, ఏసీ మిషన్లు. ఒక్క నిప్పురవ్వ చాలు. మద్రాసులో నడుస్తున్న ఆఫీసులుగా మిగిలిన పాత కట్టడాలన్నిటికీ వైరింగు విప్పి చూసే ఇంజనీర్లు కావాలి, పూలదండలు వేసే మంత్రులు తర్వాత. ఇది నా కోపం, ఎవరికి చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

నిరుడు చెన్నై వెళ్ళినప్పుడు తమ్ముడు కొట్టులో కూర్చున్నాను. గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడ్ బోర్డు. కొన్నవాడు ఫోన్ చూపిస్తాడు, డబ్బా గొంతు పెట్టి ఎంత వచ్చిందో అరవంలో చెబుతుంది. గుంటూరుకు డ్రాఫ్టు తీయడం ఎలాగో తమ్ముడి కొడుక్కి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ‘పెదనాన్నా, అంతసేపు టోకెన్ పట్టుకుని ఏం చేసేవాళ్ళు?’ అని అడిగాడు. హైకోర్టు ఎవరు కట్టారో తెలుసా అని అడిగాను. బ్రిటిష్ వాళ్ళు అన్నాడు. స్టూలు దగ్గరికి జరుపుకోమన్నాను.